గవ్వల పొర బొగ్గు

బొగ్గు పరీక్షించే ప్రయోగశాలలో మా బాబాయిది బూడిద బల్ల. నూరిన బొగ్గును చిన్న పింగాణీ గిన్నెలో పోసి, కొలిమిలో కాల్చి, మిగిలింది తూచడం ఆయన ఉద్యోగం. గంధకం సంగతి చూసేది పక్క బల్ల. ఒక బల్లవారు ఇంకో బల్ల వ్యవహారంలో వేలు పెట్టకపోవడం అక్కడ రాజ్యాంగంతో సమానం. అందరూ ఆయన్ని బూడిదాయన అనేవారు; ఆయన దాన్ని బిరుదుగానే స్వీకరించారు.

బొగ్గు పుట్టుక గురించి అడిగినవారికీ, అడగనివారికీ కూడా చెప్పేవారు. ఎప్పటిదో చిత్తడి అడవి కుళ్లి, పూడి, బొగ్గవుతుంది. పక్కనున్న ఏరు పొంగి అందులో బురద కలిపితే ఆ బొగ్గుకు బూడిద ఎక్కువ. సముద్రం వచ్చి ముంచితే గంధకం ఎక్కువ.

"మనిషైనా అంతే. ఏ నీళ్లలో నానాడో మండినప్పుడు తెలుస్తుంది" అని ముగించేవారు.

"మీరు ఏ నీళ్లలో నానారో గాని, ఇంకా ఆరలేదు" అనేది పిన్ని వంటింట్లోంచి.

పరీక్షకు పోగా మిగిలిన బొగ్గు ఇంటికి తెచ్చుకోవడం ఆ శాలలో అందరికీ ఉన్న భాగ్యం. బాబాయి ఏరికోరి గని పై పొర బొగ్గే తెచ్చేవారు. నిగనిగలాడేది, ఇట్టే అంటుకునేది, బూడిద చారెడు మిగిలేది కాదు. ఆ పొరను కప్పిన రాతి నిండా సముద్రపు గవ్వలు. అలాంటి రాయొకటి తెచ్చి కిటికీలో అలంకారంగా పెట్టుకున్నారు కూడా.

"ఏవండీ, ఈ పొగ గొంతులో గుచ్చుతోంది. ఒకటే అగ్గిపుల్లల కంపు."

"బూడిద చూడవే, ఎంత తక్కువో. వీధి మొత్తంలో ఇంత మేలైన బొగ్గు ఎవరింట్లో ఉంది?"

"నేను తినేది బూడిద కాదు కదండీ, పొగ."

ఆయన నవ్వారు. ఆవిడా నవ్వి, తరవాత చాలాసేపు దగ్గింది.

చలికాలం కిటికీలు మూసుకున్నాక దగ్గు ఆవిణ్ణి మంచాన పడేసింది. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయన్నాడు డాక్టరు. పొగ వల్లేనని తేల్చలేదు గాని, పొయ్యిలో ఏం కాలుస్తారని అడిగాడు. బాబాయి కళ్లు కిటికీలోని గవ్వల రాయి మీదికి వెళ్లాయి.

మర్నాడు ఆ బొగ్గు ముక్కొకటి పక్క బల్ల మీద పెట్టారు.

"అన్నా, ఇది గవ్వల పొరది కదా, సముద్రం ముంచిన సరుకు. గంధకం ఉండక ఏం చేస్తుంది? నీకు తెలియక అడుగుతున్నావా?" అన్నాడు గంధకం చూసేవాడు.

"తెలిసే అడుగుతున్నాను."

ఆ సాయంత్రం నుంచి కింది పొర బొగ్గు తెచ్చారు. ఏటి బురద కలిసిన సరుకు. ఒక పట్టాన అంటుకోదు, బకెట్ల కొద్దీ బూడిద. పిన్నిని ముట్టుకోనివ్వకుండా తానే ఎత్తి పోసేవారు.

"మొత్తానికి... ఇంటికి కూడా... బూడిదాయన అయ్యారు" అంది పిన్ని, మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటూ.

చలి తగ్గకముందే పోయింది.

ఆయన ఇప్పటికీ ఆ బురద బొగ్గే తెస్తారు. మొన్న పిన్ని అక్కగారు వచ్చి చూసి, "ఒక్కరికి ఈ బూడిద మోత ఎందుకు మరిదిగారూ? వెనకటి బొగ్గు తెచ్చుకోరాదూ?" అంది.

"మీ చెల్లెలికి పడదు వదినా" అని, బకెట్ అందుకుని బయటికి నడిచారు.