జనగామ పిడికెడు బియ్యం వాగు దాటిన రోజు

జనగామ నుంచి భూపాలపల్లికి ఏ దారిన వెళితే బాగుంటుందని ఈమధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. తొందరగా చేరాలంటే హనుమకొండ, పరకాల మీదుగా వెళ్లడమే మంచిది. బస్సులు ఎక్కువ, రోడ్డు బాగుంటుంది. నేను మాత్రం మొదటిసారి ఆ ఊరికి చుట్టుదారిన వెళ్లాను. పాలకుర్తి, దంతాలపల్లి, మహబూబాబాద్ తిరిగి, రెండు రోజులపాటు లారీ ముందు సీట్లో కూర్చుని. వెనకాల అన్నీ బియ్యం బస్తాలు. ఎనభైల నడిమి మాట ఇది. అప్పుడు ఈ ఊళ్లన్నీ వరంగల్ జిల్లాలోనే ఉండేవి.

ఆ బియ్యం ఎక్కడివో ముందు చెప్పాలి. మాది జనగామ బజారులో కిరాణా కొట్టు. మా మేనత్త రుక్కమ్మ మాతోనే ఉండేది. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నాటికి నేను చిన్నపిల్లని. బడి మూసేశారన్న సంతోషం తప్ప నాకు ఇంకేమీ తెలియదు. కానీ బంద్‌ల మీద బంద్‌లు జరిగి మార్కెట్ మూతపడితే, మూటలు మోసే హమాలీల ఇళ్లలో పొయ్యి వెలగడం ఆగిపోయింది. అత్త ఊరేగింపుల్లో నినాదాలు ఇచ్చి ఇంటికి వస్తూ ఆ ఇళ్ల ముందు నుంచే నడిచేది. ఒకరోజు వీధిలో ప్రతి గడపా ఎక్కి, "ఎసట్ల బియ్యం పోసేటప్పుడు ఒక్క పిడికెడు పక్కకు తీయండ్రి. మీకు తక్కువ కాదు, వాళ్లకు పూట గడుస్తది" అని చెప్పి, ఇంటికో చిన్న కుండ పెట్టించింది. వారానికోసారి ఆ కుండల్లోని బియ్యం మా కొట్టు వెనక గదికి చేరేవి.

ఉద్యమం చల్లారింది గానీ కుండలు ఆగలేదు. బాలింతలకు, మంచాన పడ్డవాళ్లకు, పని దొరకని కుటుంబాలకు ఆ గదిలోంచి బియ్యం వెళ్లేవి. జనమే దానికి బియ్యం బ్యాంకు అని పేరు పెట్టారు. అత్త ఏ చుట్టాల పెళ్లికి వెళ్లినా అక్కడి ఆడవాళ్లను కూర్చోబెట్టి కుండ సంగతే మాట్లాడేది. అట్లా పాలకుర్తిలో, దంతాలపల్లిలో, మానుకోటలో కూడా కుండలు వెలిశాయి. మహబూబాబాద్‌ను మావైపు మానుకోట అనే అంటారు.

నేను లారీ ఎక్కిన ఏడు శ్రావణంలో వానలు విడవకుండా కొట్టాయి. భూపాలపల్లి దగ్గర బొగ్గు కోసం బోర్లు వేసే క్యాంపులో పనిచేసే మా ఊరి తాపీమేస్త్రీ మల్లయ్య సెలవు మీద ఊరికి వచ్చి, మా కొట్టులో కూర్చుని అత్తతో చెప్పాడు. "వాగవతల ఒక పల్లె ఉన్నదక్కా. చేన్లు కొట్టుకపోయినయ్. ఇండ్లల్ల దాసుకున్న మక్కజొన్నలు తడిసి మొలకలొచ్చినయ్. ఉడకబెట్టిన ఆకుకూర తిని ఉంటున్నరు. క్యాంపోళ్లం మా దగ్గరున్నది కొంత ఇచ్చినం, గది ఎన్నొద్దులు వస్తది?"

అత్త గదిలోకి వెళ్లి బస్తాలు చూసి వచ్చింది. అవి జనగామ వాళ్ల కోసం దాచినవి. వానలకు ఇక్కడా పనులు తగ్గాయి. అందుకే మర్నాడు హమాలీలనే పిలిచి అడిగింది. వాళ్లలో పెద్దవాడు కొమురయ్య తలపాగా విప్పి భుజాన వేసుకుని, "ఇయ్యాల మాకు పని ఉన్నది రుక్కమ్మా. లేనినాడు నువ్వు ఇచ్చినవ్. గిప్పుడు వాళ్లకు తీస్కపో" అన్నాడు. లారీకి బస్తాలు ఎత్తిందీ వాళ్లే, తడవకుండా పైన తాటిపత్రి పట్టా కప్పి కట్టిందీ వాళ్లే. కూలి మాట ఎత్తితే నవ్వి వెళ్లిపోయారు.

లారీ ఒక రైసుమిల్లు వాళ్లది, డీజిల్ మాది. డ్రైవర్ యాకూబ్ అన్న. తెల్లవారుతూనే బయలుదేరాం. జనగామ దాటాక రోడ్డుకు రెండు పక్కలా నీళ్లు నిండిన వరిమళ్లు, ఒంగి నాట్లు వేస్తున్న ఆడవాళ్లు. పాలకుర్తి చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. అత్త ముందే పంపిన కబురు అంది, అక్కడ ఆడవాళ్లు తమ కుండల్లోని బియ్యం ఒకచోట పోసి, మా లారీ కోసం ఎదురుచూస్తున్నారు. బియ్యంతోపాటు ఒక బుట్టెడు పచ్చిమిరపకాయలు కూడా ఎక్కించారు. "ఒట్టి బువ్వ ఎట్ల తింటరే?" అని ఒకామె నన్నే దబాయించింది. ఈ రోజుల్లో అయితే పాలకుర్తి నుంచి చుట్టుపక్కల పల్లెలకు షేర్ ఆటోలు దొరుకుతాయి. అప్పట్లో ఎడ్లబండో, సైకిలో, లేకపోతే నడకో.

తొర్రూరు మీదుగా దంతాలపల్లి చేరేటప్పటికి ఆకలి దంచేస్తోంది. రోడ్డు పక్కన తడికల హోటలు నడిపే లచ్చక్క మా అత్త కుండల మనిషే. మేము దిగకముందే వేడి వేడి సర్వపిండి రొట్టెలు గిన్నెలోంచి తీసి విస్తరాకులో వేసింది. నువ్వులు, పల్లీలు దండిగా పడ్డాయి. అట్లాంటి సర్వపిండి నేను మళ్లీ తినలేదు. ఆమె పోగుచేసిన బియ్యానికి ఊళ్లో ఒక పెద్దరైతు ఇంటి నుంచి వచ్చిన పెసర్ల బస్తా తోడైంది.

"మొదలు ఇయ్యనన్నడు. 'ఎవలో తెల్వనోళ్లకు నేనెందుకియ్యాలె' అన్నడు" అంది లచ్చక్క, టీ గ్లాసులు కడుగుతూ.

"మరెట్ల ఇచ్చిండు?" అని అడిగింది అత్త.

"వాళ్లావిడ నాతోటి కుండ పెట్టింది కదా. ఇంట్ల గొడవ ఆమెనే పడ్డది. నాకేం తెల్వదు."

యాకూబ్ అన్న నవ్వు ఆపుకోలేక టీ మీద పోసుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక మానుకోట. మిర్చి వ్యాపారుల ఇళ్ల నుంచి ఉప్పు, ఎండుమిర్చి, చింతపండు అందాయి. ఆ రాత్రి అత్త చిన్ననాటి స్నేహితురాలి ఇంట్లో పడుకున్నాం. రైల్లో వచ్చేవాళ్లకు మానుకోట స్టేషన్ ఊరి మధ్యలోనే ఉంటుంది, దిగితే తిండికీ బసకూ ఇబ్బంది ఉండదు. పొద్దున్నే నర్సంపేట మీదుగా ములుగు రోడ్డు ఎక్కాం. అక్కడి నుంచి దారి తీరే మారిపోయింది. పొలాలు పలచబడ్డాయి, టేకు చెట్లు దగ్గరికి జరిగాయి, గాలిలో తడి ఆకుల వాసన. ఘనపురం దాటి భూపాలపల్లి చేరాం. ఇప్పుడు చూసేవాళ్లు నమ్మరు గానీ, అప్పుడది చిన్న ఊరు. క్వార్టర్లు లేవు, కరెంటు ప్లాంటు లేదు. అడవి అంచున డేరాలు, బోరు యంత్రాలు, వాటి చుట్టూ బురద.

ముందే క్యాంపుకు తిరిగొచ్చిన మల్లయ్య మమ్మల్ని వాగు దగ్గరికి తీసుకెళ్లాడు. ఎర్రటి నీళ్లు ఒడ్డును ఒరుసుకుంటూ పోతున్నాయి. అవతలి గట్టు మీద మనుషులు నిలబడి ఉన్నారు. అరవడం లేదు, చేతులు ఊపడం లేదు. ఊరికే మా లారీ వైపు చూస్తున్నారు. యాకూబ్ అన్న నీళ్లలోకి కొంత దూరం దిగి వెనక్కి వచ్చాడు. "లారీ దిగితే లేవదమ్మా. పైన మళ్ల మొగులు పట్టింది. జర సేపు అయితే మనిషి గూడ దిగలేడు" అన్నాడు.

క్యాంపు ఇంజినీరు ప్రసాద్ గుంటూరు వైపు నుంచి వచ్చిన కుర్రవాడు. గొడుగు పట్టుకుని వచ్చి, "ఏవండీ, మా దగ్గర బోరు గొట్టాలు దించే పెద్ద మోకు ఉందండీ. రెండు గట్ల మీదా చెట్లకి బిగిస్తే పట్టుకుని దాటొచ్చండీ" అన్నాడు. అత్త ఒక్క క్షణం అతని వైపు చూసింది. అతని యాస వినగానే ఆమెకు ఉద్యమం రోజులు గుర్తొచ్చి ఉంటాయని నాకు అనిపించింది. మా మాటను వెక్కిరించిన వాళ్లను ఆమె చాలామందిని చూసింది. "అయితే ఆలస్యమెందుకు బిడ్డా, తెప్పియ్యి" అంది.

అవతలి గట్టు నుంచి ఇద్దరు ఈతగాళ్లు వచ్చి మోకు కొస అందుకుని వెళ్లారు. పెద్ద బస్తాలు ఆ ప్రవాహంలో మోయడం కుదరదని నేనూ అత్తా మల్లయ్యా కూర్చుని బియ్యాన్ని చిన్న మూటలుగా కట్టడం మొదలుపెట్టాం. క్యాంపులో దొరికిన ప్రతి ప్లాస్టిక్ గుడ్డా, డేరా ముక్కా, చివరికి అత్త పెట్టెలోని చీరలు చింపిన గుడ్డలూ మూటలయ్యాయి. క్యాంపు కూలీలు, పల్లె మగవాళ్లు మోకు వెంబడి నడుము లోతున బారుగా నిలబడ్డారు. మూట ఒక నెత్తి మీంచి ఇంకో నెత్తి మీదికి సాగింది. ప్రసాద్ గొడుగు పక్కన పడేసి తానూ దిగాడు. అందరికన్నా పొట్టివాడు కావడంతో నీళ్లు అతని ఛాతీ దాకా వచ్చాయి.

"సారూ, పట్టుకో, పట్టుకో" అని పక్కనున్నాయన అరిస్తే, "పట్టుకున్నానండీ బాబూ, మీరు తోయకండి" అని అతను అరిచాడు. గట్ల మీదున్న వాళ్లంతా నవ్వారు. అంతసేపూ బిగుసుకుని ఉన్న అవతలి గట్టు నుంచి కూడా నవ్వులు వినిపించాయి. అప్పటి నుంచి పని సంబరంలా నడిచింది. ఎవరో పాట ఎత్తుకున్నారు, మిగతావాళ్లు వంత పాడారు. ఒక్క పెసర్ల మూట మాత్రం చెయ్యి జారి కొట్టుకుపోయింది. "చేపలకు గూడ బ్యాంకు పెట్టిండ్రు" అన్నాడు మల్లయ్య.

చివరగా మోకు పట్టుకుని అత్తా నేనూ దాటాం. అవతల మమ్మల్ని చెయ్యిచ్చి పైకి లాగింది ఆ పల్లె పెద్దమనిషి సమ్మక్క అవ్వ. తెల్లటి జుట్టు, ఎండిన చేతులు, గట్టి గొంతు. మూటలన్నీ ఒక గుడిసెలో పేర్చి ఉన్నాయి. ఒక్కటీ విప్పలేదు.

"ఎందుకు ఇప్పలేదవ్వా? పిల్లలు ఆకలితోటి ఉన్నరు కదా" అంది అత్త.

"ఊకెనే ఎట్ల తీస్కుంటం బిడ్డా? మేం అడుక్కతినెటోళ్లం కాదు. మీరెవలో, మేమెవలమో" అంది అవ్వ. కోపంతో కాదు, నెమ్మదిగానే అంది. వెనక నిలబడ్డ తల్లులు చంకల్లోని పిల్లలను సముదాయిస్తున్నారే తప్ప మూటల వైపు ఒక్క అడుగు వేయలేదు. ఇంత కష్టపడి తెచ్చినవి అట్లాగే ఉండిపోతాయేమోనని నాకు భయం వేసింది.

అత్త తడిచీరతోనే అవ్వ ఎదుట నేల మీద కూర్చుంది. "గివి నా బియ్యం కావవ్వా. మూటలు మోసేటోళ్లవి, హోటల్ల చాయ్ చేసేటామెవి, నాట్లేసేటోళ్లవి. ఒకప్పుడు తిన్నోళ్లే ఇప్పుడు పెడుతున్నరు. మీరు గూడ ఒక కుండ పెట్టుర్రి. పంట చేతికొచ్చినంక దినాం ఒక్క పిడికెడు. గంతే. ఇయ్యాల మాత్రం తినాలె."

అవ్వ లేచి లోపలికి వెళ్లి, మసిబట్టిన ఒక చిన్న మట్టికుండ తెచ్చి అత్త ముందు పెట్టింది. మొదటి మూట తానే విప్పి, ఒక పిడికెడు తీసి అందులో వేసింది. "గిది మా కుండ. ఇగ వండుర్రే" అని కోడళ్లను కేకేసింది.

ఆ సాయంత్రం ఊరంతా ఒకేచోట తిన్నాం. అడవిలో కోసుకొచ్చిన పుట్టగొడుగులు, పాలకుర్తి పచ్చిమిర్చి, మానుకోట చింతపండు వేసి వండిన కూర. పొగలు కక్కే అన్నం. ప్రసాద్ మూడోసారి పెట్టించుకుంటుంటే అవ్వ, "తిను కొడుకా తిను. మాట జర వంకరగున్నది గని, మనిషి మంచోడే" అంది. "మీ మాటే నాకు వంకరగా ఉందండీ అవ్వా" అన్నాడతను, నోటినిండా ముద్దతో. అందరికన్నా ఎక్కువ నవ్వింది మా అత్త.

సంక్రాంతి వెళ్లిన కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం సమ్మక్క అవ్వ ఇద్దరు కోడళ్లతో జనగామలో బస్సు దిగింది. అడుగుతూ అడుగుతూ మా కొట్టు దాకా వచ్చారు. ముగ్గురి నెత్తి మీదా మూటలు, కొత్త బియ్యం. మీరు తీసుకున్నవి మళ్లీ ఇవ్వనక్కర్లేదని అత్త అంటుంటే అవ్వ మధ్యలోనే ఆపింది. "నీకు ఎవలిస్తున్నరు? గివి మా కుండ బియ్యం. నడుమల నుంచి జరుగు. బియ్యం గది ఎటున్నదో చూపియ్యి" అని తానే లోపలికి నడిచింది.

ఆ దారిలో తర్వాత చాలాసార్లు తిరిగాను. ఇప్పుడు ఆ వాగు మీద వంతెన ఉంది, బొగ్గు లారీలు దుమ్ము రేపుతూ పోతుంటాయి. మంచి రోడ్లూ మంచి హోటళ్లూ ఉన్నాయి. అయినా ప్రయాణం అనగానే నాకు గుర్తొచ్చేది నీళ్లలో బారుగా నిలబడ్డ ఆ మనుషులే. వాళ్లలో ఎవరిది ఏ ఊరో, ఎవరు ఇస్తున్నారో, ఎవరు తీసుకుంటున్నారో గట్టు మీద నిలబడి చూస్తే పోల్చుకోలేకపోయాను. ఒక మనిషి ఇంకో మనిషికి తిండి అందిస్తున్నప్పుడు అంత ఆనందంగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

మీరూ ఎప్పుడైనా వానాకాలంలో ఇట్లా తిండిగింజలు తీసుకుని పల్లెలకు బయలుదేరితే, ఇంటి దగ్గరే వాటిని ఒక్క మనిషి నెత్తిన మోయగలిగిన చిన్న మూటలుగా, తడవని గుడ్డలో కట్టుకోండి. మా అత్తలాగా వాగు ఒడ్డున చీరలు చింపుకోవాల్సిన పని ఉండదు.