చివరి భూములు గెలిచిన ఎన్నిక

దర్శి అవతల మా ఊరి పొలాలు సాగర్ కాలువకు చిట్టచివర ఉంటాయి. పై ఊరి పత్తి, మిరప, వరి అన్నీ తడిశాక నీళ్లు మిగిలితేనే మాకు. మిగిలేవి కావు. ఆ ఏడు కార్తీకం నాటికి మా మిరప పూత మీద ఉంది, కాలువలో తడి లేదు. ఇంకో పది రోజులు అలాగే గడిస్తే పూత రాలిపోతుంది.

నీటి సంఘం పై ఊరి పెద్దల చేతికి ఎలా వెళ్లిందో నేను చూశాను. మొదట్లో వాళ్లకు పెద్ద బలమేమీ లేదు. ఎన్నిక రోజున లాకు దగ్గర ఒకాయన ఒక పేరు చెప్పాడు, పక్కనున్నవాళ్లు చప్పట్లు కొట్టారు, ఏకగ్రీవం అన్నారు. బలం ఆ తర్వాత వచ్చింది. పూడికతీత పనులు తమవాళ్లకే ఇచ్చుకున్నారు. తూము ఎత్తే లస్కరు వాళ్ల మాటే వినేవాడు. గట్టిగా అడిగిన రైతు వంతు వెనక్కి పోయేది. కొన్నాళ్లకు అడిగేవాళ్లే లేకుండా పోయారు. అప్పుడు ఏకగ్రీవం నిజంగానే ఏకగ్రీవమైంది.

నేను బడిలో నేర్చింది తక్కువ. మిర్చి బస్తాలు తూకం వేయిస్తూ లెక్కలు నేర్చుకున్నాను. అదే అలవాటుతో ఈసారి ఎన్నికనూ లెక్కేశాను. మనుషుల్ని లెక్కేస్తే పై ఊరివాళ్లే ఎక్కువ. పొలం ఎవరి పేరున ఉందో చూస్తే లెక్క తిరగబడింది. అక్కడి ఆసాములు వ్యాపారాలు, కాంట్రాక్టులు చేస్తారు. అప్పులవాళ్ల కన్ను పడకుండా పొలాలు భార్యల పేర రాశారు. చెయ్యెత్తే హక్కు పట్టాదారుదే. ఆ ఆడవాళ్లను మాత్రం ఏనాడూ లాకు దగ్గరికి రానివ్వలేదు.

పైగా ఎన్నిక కార్తీక పౌర్ణమి నాడు పడింది. మా వైపు జనం స్నానాలకు పోతారు, ఎన్నికకు రారులే అని వాళ్లు సంబరపడ్డారు. వాళ్ల ఆడవాళ్లు తెల్లవారకముందే కార్లెక్కి వాడరేవుకు సముద్రస్నానానికి వెళ్లారు. మేము స్నానం మానుకుని ఊళ్లోనే ఆగిపోయాం. ముందురోజు నేను ఇల్లిల్లూ తిరిగి, పొలం ఎవరి పేరున ఉంటే వాళ్లే రావాలని చెప్పాను.

"స్నానం మానేస్తే పాపం కాదా ఏందే?" అంది పక్కింటి పిన్ని.

"పూత రాలిపోతే పుణ్యమా పిన్నీ?"

మర్నాడు లాకు దగ్గర ఎన్నికల అధికారి పాత అధ్యక్షుడి పేరు చదవగానే చేతులు గుంపుగా లేచాయి. నేను నిలబడ్డాను.

"అయ్యా, ఎత్తినవాళ్ల పేరున పొలం ఉందో లేదో ఒకసారి చూడండి."

ఆయన ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టాడు. చేతులు దిగసాగాయి.

"ఏందండీ, మా ఆవిడ చెయ్యి వేరు, నా చెయ్యి వేరా?" అన్నాడు పాత అధ్యక్షుడు.

మా రైతొకడు వెనకనుంచి అరిచాడు: "పొలం రాసేటప్పుడు వేరనేగా రాశావు బావా!"

జనం గొల్లుమన్నారు. పాత అధ్యక్షుడు పక్కకెళ్లి వాడరేవుకు ఫోను చేశాడు. ఎంత తగ్గించినా గొంతు వినపడుతూనే ఉంది. "ఇంకా నీళ్లల్లోనే ఉన్నారా!"

"అదృష్టవంతులు, మాకా నీళ్లూ లేవు," అంది పిన్ని.

తర్వాత నా పేరు చదివారు. గాజుల చేతులు, మట్టి చేతులు, మందు కొట్టి పసుపెక్కిన చేతులు ఒక్కసారిగా లేచాయి. అధికారి రెండోసారి లెక్కపెట్టాడు. నాకు అక్కర్లేకపోయింది.

గెలిచిన గంటలోనే మావాళ్లు రెచ్చిపోయారు. "ఒరేయ్, నెల రోజులు పై తూము మూసెయ్యండ్రా!"

"మూస్తే వచ్చేసారి వాళ్ల ఆడవాళ్లను తీసుకొస్తారు. అప్పుడు మనమే తక్కువ," అన్నాను. వంతు చివరి భూముల నుంచి మొదలవ్వాలి, ఎవరి వంతూ పోకూడదు అని తీర్మానం చేశాం. కుర్చీ నిలిచేది అలాగైతేనే అని నా లెక్క.

నీళ్లు వచ్చిన రోజు వాటి ముందు నడుస్తూ కాలువ గట్టు వెంట ఊరంతా దిగివచ్చింది. నేను మా మిరపలో నిలబడి నీళ్లు పారేలా మడవ తిప్పుతుంటే ఫోను మోగింది. పాత అధ్యక్షుడు.

"చెల్లెమ్మా, మా వంతెప్పుడు?"

"ఫోను వదినకివ్వు అన్నయ్యా. పొలం ఆవిడదేగా."

ఫోను చేతులు మారిన చప్పుడు. తర్వాత ఆవిడ గొంతు, నవ్వు ఆపుకుంటూ: "ఏం అధ్యక్షురాలా, ఎప్పుడిస్తావ్?"

"శుక్రవారం పొద్దున్నే వదినా," అన్నాను. నా మడమలు బురదలో దిగబడుతున్నాయి.