కామరాజు గారి ఆశీస్సులతో

మల్కాపురంలో గవర్రాజు వాళ్ళ వీధి మొగలో రెండు వెదురు గెడలు ఏడాది పొడుగునా పాతే ఉంటాయి. వాటిని పీకే అవసరం రాదు. ఒక ఫ్లెక్సీ దిగితే ఇంకొకటి ఎక్కుతుంది. వినాయక చవితి, అమ్మవారి పండగ, ఎవరికో పుట్టినరోజు, ఎవరి పిల్లకో ఓణీల ఫంక్షను, ఏదీ లేకపోతే వార్డు నాయకుడు కామరాజు గారికి ఊరికే శుభాకాంక్షలు. వీటన్నిటినీ కట్టేవాడు గవర్రాజు. పోర్టులో అతనిది తాళ్ళ పని. ఓడ గట్టుకి చేరేటప్పుడు పైనుంచి విసిరే తాళ్ళు అందుకుని గట్టు మీది ఇనప గుంజలకి తగిలిస్తాడు. అంతేసి ఓడల్ని కదలకుండా కట్టేవాడికి ఫ్లెక్సీ ఒక లెక్కా? గవర్రాజు ముడి వేస్తే తుఫానుకి కూడా ఊడదని వీధిలో పేరు. ఆ పేరంటే అతనికి లోలోపల మహా ఇష్టం.

పుట్టింది ఎలమంచిలి దగ్గర పల్లెలో. చెరుకు పొలం ముక్కలై ముక్కలై అన్నదమ్ముల వాటాకి గట్లు తప్ప ఏమీ మిగలని రోజుల్లో వైజాగు బస్సెక్కాడు. అప్పటినుంచి అతనికి దొరికిందల్లా ఎవరో ఒకరు చెబితేనే దొరికింది. పోర్టులో పని అలాగే వచ్చింది. రేషన్ కార్డూ, గ్యాసు కనెక్షనూ, తల్లికి జబ్బు చేసినప్పుడు ఆసుపత్రిలో మంచమూ కామరాజు గారు ఫోను చేస్తే వచ్చాయి. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా, గవర్రాజు ఆ సామెతని ఇంకాస్త సాగదీశాడు. మనం అడిగితే చాలదు, పెద్దవాళ్ళ చేత అడిగించాలి. అందుకు అతన్ని తప్పుపట్టదలిస్తే ముందు ఆ ఆఫీసుల కిటికీల ఎదుట వరసలో ఒక పూట నిలబడి రావాలి.

ఇతనికి ఒక్కతే కూతురు, శ్రీసత్య. మునిసిపల్ హైస్కూల్లో తొమ్మిది పూర్తి చేసింది. మాట తక్కువ పిల్ల. రుషికొండ దగ్గర ఒక కాలేజీవాళ్ళు వేసవి సెలవుల్లో హైస్కూలు పిల్లలకి అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్, సైన్స్ ప్రోగ్రామ్ నడుపుతున్నారని స్కూల్లో చెప్పారు. పాఠం వల్లె వేయించే కోచింగ్ కాదది. కొత్త లెక్క ముందు పెట్టి, పిల్లలు దాంతో ఎలా కుస్తీ పడతారో చూస్తారు. చేరాలంటే ముందు రాతపరీక్ష, అందులో నెగ్గితే టీచర్ల ముందు నిలబడి ఒక్క లెక్క చెయ్యాలి.

రాతపరీక్ష గట్టెక్కింది. రెండోదానికి గవర్రాజే బండి మీద తీసుకెళ్ళి గేటు బయట వేపచెట్టు కింద కూర్చున్నాడు. పిల్ల బయటికొచ్చి లెక్క సంగతి చెప్పింది. చదరంగం బల్లలో ఐమూలగా ఉన్న రెండు మూల గళ్ళు కోసేశారట. మిగిలిన గళ్ళన్నిటినీ, ఒక్కోటి రెండు గళ్ళు కప్పే బిళ్ళలతో ఖాళీ లేకుండా కప్పగలమా అని అడిగారట.

"సగమే సేసినాను నాన్నా. అక్కణ్ణుంచి నాకు తెలీదని సెప్పీసినాను" అంది.

గవర్రాజు గుండె జారిపోయింది. తెలియకపోతే మాత్రం ఏదో ఒకటి అనాలి గానీ, తెలీదని నోరారా చెప్పుకుంటే సీటెవడిస్తాడు? ఫలితాలొచ్చే దాకా ఆగమని భార్య కామేశ్వరి అంటే, పెళ్ళయ్యాక జాతకాలు చూపించుకుంటామా అని విసుక్కున్నాడు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి కామరాజు గారి వరండాలో నిలబడ్డాడు. ఆయన పళ్ళు తోముకుంటూ విషయం విని, నోరు కడుక్కుని, ఎవరికో ఫోను చేసి "మన పిల్లే, కొంచెం చూడండి" అన్నారు. ఆ వారంలోనే శ్రీసత్యకి సీటు వచ్చినట్టు కబురొచ్చింది. ఇంకేముంది? గవర్రాజు లెక్క సరిపోయింది.

ఫ్లెక్సీ కొట్టించింది తిరుమలరావు కొట్లో. అతను గవర్రాజుకి వరసకి బావ. ఫ్లెక్సీలో పైన సగం మేర దండం పెడుతూ కామరాజు గారు. కింద అంచున వరసగా వీధి కుర్రాళ్ళ మొహాలు. మధ్యలో గుండ్రటి గీత లోపల రెండు జడలతో శ్రీసత్య. 'గౌరవనీయులు శ్రీ కామరాజు గారి చొరవతో, ఆశీస్సులతో అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్ సైన్స్ ప్రోగ్రామ్‌కు ఎంపికైన చిరంజీవి శ్రీసత్యకు శుభాకాంక్షలు.' ఆ వాక్యం గవర్రాజే చెప్పి రాయించాడు. ఉపకారం చేసినవాడి మొహం పైన వెయ్యకపోతే అన్నం తినే మనిషే కాదని అతని నమ్మకం.

శ్రీసత్య దాని కింద చాలాసేపు నిలబడి చదివింది.

"ఈయనెందుకు నాన్నా పైన?" అంది.

పెద్దోళ్ళు పైనే ఉంటారమ్మా అని నవ్వేశాడు గవర్రాజు. వరండా సంగతి చెప్పలేదు.

క్లాసులు మొదలయ్యాయి. రోజూ పొద్దున్నే బండి మీద రుషికొండ తీసుకెళ్ళేవాడు. వెనక కూర్చున్న పిల్ల దారి పొడుగునా తండ్రి ఎడమ భుజం పట్టుకునేది. గోతి వస్తే గుప్పిట బిగించేది. ఇస్త్రీ చొక్కా భుజం దగ్గర ఎప్పుడూ నలిగే ఉంటుందని కామేశ్వరి సణిగేది. గవర్రాజుకి ఆ నలుగు ముద్దుగా ఉండేది.

కొన్నాళ్ళకి శ్రీసత్యకి కడుపునొప్పి వచ్చింది. మర్నాడూ తగ్గలేదు. కామేశ్వరి పక్కన కూర్చోబెట్టుకుని బతిమాలితే, అసలు నొప్పి బయటపడింది. మల్కాపురం మీదుగా వచ్చే ఒక పిల్లాడు ఫ్లెక్సీని ఫోటో తీసి పిల్లల గ్రూపులో పెట్టాడు. ఆనాటి నుంచి క్లాసులో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరూ 'ఆశీస్సులు' అనే పిలుస్తున్నారు. బోర్డు దగ్గరికి వెళితే, ఆశీస్సులు వస్తోంది జరగండి అంటున్నారు. లెక్క సరిగ్గా చేస్తే, ఫోనెవరు చేశారని అడుగుతున్నారు. ఇక వెళ్ళనని పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది.

గవర్రాజుకి ఒళ్ళు మండిపోయింది. మండింది తన మీద కాదు సుమా, ఆ పిల్లల మీద. పని మానుకుని, ఆ టీచర్లని నాలుగు కడిగేసి వద్దామని రుషికొండ వెళ్ళాడు.

ప్రోగ్రామ్ చూసే మేడం పేరు హేమశ్రీ. కృష్ణా జిల్లా మనిషి. కూర్చోమని, మంచినీళ్ళిచ్చి, అతను అరిచినంతసేపూ అరవనిచ్చింది. పిల్లలతో మాట్లాడతానంది, ఆ ఎగతాళి తన దాకా రానందుకు తప్పు తనదేనంది. గవర్రాజు మెత్తబడ్డాడు. మెత్తబడి ఊరుకోక, సగం లెక్కే చేసిన పిల్లకి పెద్దమనసుతో సీటిచ్చారు, ఆ మేలు మరిచిపోనన్నాడు.

ఆవిడ అర్థం కానట్టు చూసింది.

"మేమేం మేలు చెయ్యలేదండీ. ఆ లెక్క పూర్తి చెయ్యమని మేం అడగం. మీ అమ్మాయి సగం దాకా వచ్చి, ఇది కుదరదనిపిస్తోంది, ఎందుకు కుదరదో మాత్రం ఇక్కడి నుంచి నాకు తెలీదు అంది. తెలిసింది ఎక్కడ ఆగిందో అంత శుభ్రంగా చెప్పిన పిల్ల ఈ ఏడాది ఇంకొకరు లేరు. ఆ మాటకే తీసుకున్నాం."

మరి కామరాజు గారి ఫోను అని నసిగాడు గవర్రాజు.

"వచ్చిందట, ఆఫీసుకి. ముందురోజు సాయంత్రమే పేర్లు ఖాయమైపోయాయి" అని ఆవిడ ఒక్క క్షణం ఆగింది. "ముందే వచ్చుంటే నేను మీ అమ్మాయిని పక్కన పెట్టేదాన్నేమో. నిజమే చెబుతున్నాను."

బయటికొచ్చి బండి దగ్గర నిలబడితే తల కొట్టేసినట్టయింది. ఇంకొకరి గడప తొక్కినందుకు కాదు, గడపలు తొక్కడం అతనికి కొత్త కాదు. కన్నకూతురు నిజం చెబితే అది తనకి చేతకానితనంలా వినిపించింది. ముక్కూ మొహం తెలియని ఆవిడ అదే మాట విని ముచ్చటపడింది. పైగా తన అపనమ్మకాన్ని రంగుల్లో అచ్చేయించి, ఊడని ముళ్ళేసి, వీధి మొగలో వేలాడదీశాడు. బీచ్ రోడ్డులో వెనకాల బళ్ళవాళ్ళు హారన్లు కొడుతున్నా పక్కకి జరగాలని తోచలేదు.

తిరుగుదారిలో తిరుమలరావు కొట్టు దగ్గర ఆగి, ఫ్లెక్సీ దింపేస్తానన్నాడు. తిరుమలరావు గాభరా పడ్డాడు. కామరాజు గారి మొహాన్ని దింపడమంటే మాటలా? రేపు ఏ అవసరం వచ్చినా మళ్ళీ ఆ వరండాకే కదా వెళ్ళాలి? దింపితే దింపావు, గాలికి చినిగిపోయిందని చెప్పమన్నాడు. ఆ సలహా గవర్రాజుకి ప్రాణానికి హాయిగా తోచింది.

సాయంత్రం కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలతో వరసలో ఉన్నారు. గవర్రాజు నిచ్చెనెక్కి తన ముళ్ళు తనే విప్పుకోవడం మొదలెట్టాడు. గంగాలమ్మ తలెత్తి, అప్పుడే దింపేత్తన్నావేటి అంది. అంతలో కామరాజు గారి వెనక తిరిగే చంటి బండి ఆపి, ఎవరు దింపమన్నారని నిలదీశాడు.

"గాలికి సినిగిపోయింది తమ్ముడూ. కొత్తది కట్టీద్దాం."

ఆకు కదలడం లేదు. అతని ముడి సంగతి అక్కడ అందరికీ తెలుసు. గవర్రాజు ఎందుకో తలెత్తి చూస్తే, వాళ్ళింటి మేడ మీద పిట్టగోడ దగ్గర శ్రీసత్య నిలబడి ఉంది. విన్నది. ఒక్క చూపు చూసి లోపలికెళ్ళిపోయింది.

గవర్రాజు ఆఖరి ముడి విప్పి నిచ్చెన దిగాడు. ఇంతకు ముందు సిగ్గు లోపలిది, ఎవరికీ కనబడనిది. ఇప్పుడు కూతురి కళ్ళ ముందు రెండోసారి అదే పని చేశాడు. కామరాజు గారి పరువు కాపాడి పిల్ల పరువు గాలికొదిలేశాడు. బండి తిప్పుకుంటున్న చంటిని పిలిచాడు.

"సినగలేదు. నానే దింపినాను. ఆ సీటు మా పాప సొంతంగా తెచ్చుకున్నాది. నమ్మలేక నానే ఆయన కాడికి ఎల్లినాను. ఆయన ఫోను ఎల్లీసరికే పాప పేరు వచ్చీసింది. ఇదే మాట ఆయనకి సెప్పు."

చంటి పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి వెళ్ళిపోయాడు. గంగాలమ్మ బిందె నిండి పొర్లిపోతోంది. ఇక ఆ వరండా ఎక్కడం ఉండదని గవర్రాజుకి తెలుసు. ఆ భయం ఆ పూట అంతగా తెలియలేదు.

కామరాజు గారి మొహం లోపలికొచ్చేలా ఫ్లెక్సీ మడిచి చంకలో పెట్టుకుని మేడెక్కాడు. శ్రీసత్య గచ్చు మీద గళ్ళు గీసుకుని అగ్గిపెట్టెలు పేరుస్తోంది. ఆ మూలలు కోసేసిన బల్లే. గళ్ళకి ఒకటి విడిచి ఒకటి నల్లగా బొగ్గు పూసింది. తండ్రిని చూసి చెయ్యి ఆపింది.

"దింపీసినానమ్మా. అందరి ముందరా సెప్పీసినాను."

"విన్నాను."

కామేశ్వరి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పిల్ల ఒక అగ్గిపెట్టె తీసి పక్కన పెట్టింది.

"దింపడం సరే నాన్నా. నాకు రాదనుకున్నావా?"

ఇక్కడ ఎవరైనా అబద్ధమే చెబుతారు. లేదమ్మా, నీ మంచికే, భయం కొద్దీ అంటారు. గవర్రాజుకి అవన్నీ నోటి దాకా వచ్చాయి.

"అనుకున్నానమ్మా" అన్నాడు.

శ్రీసత్య తలూపింది. ఏడవలేదు, కోప్పడలేదు. మళ్ళీ అగ్గిపెట్టెల మీదికి వంగింది. రేపు క్లాసుకి వెళతానని తల్లితో చెప్పింది.

తెల్లవారి కామేశ్వరి ఇస్త్రీ చొక్కా ఇచ్చింది. గవర్రాజు బండి స్టార్టు చేసి కూర్చున్నాడు. శ్రీసత్య వచ్చి వెనక ఎక్కింది. ఉత్త గెడల మధ్య నుంచి బండి రోడ్డెక్కింది. కాన్వెంట్ జంక్షన్ దాటాక పెద్ద గొయ్యి వచ్చింది. గవర్రాజు కావాలనే బండి పక్కకి తిప్పలేదు. బండి ఎగిరిపడింది. అద్దంలో చూశాడు. పిల్ల రెండు చేతులూ వెనక్కి పెట్టి సీటు వెనకున్న రాడ్డు పట్టుకుని కూర్చుంది.

రుషికొండలో గేటు దగ్గర దిగి, సాయంత్రం బస్సుకి వచ్చేస్తానని చెప్పి, వెనక్కి చూడకుండా లోపలికెళ్ళింది. గవర్రాజు చాలాసేపు అక్కడే ఉండిపోయాడు. పోయేముందు ఎడమ భుజం తడుముకుని చూసుకున్నాడు. ఇస్త్రీ నలగలేదు.