తిరుగు చాటింపు

యాదయ్య నోరు తెరిస్తే ముందు కుక్కలు లేచి నిలబడేవి, తర్వాత మనుషులు గడప దాటి బయటికొచ్చేవారు. అతిశయోక్తి అనుకుంటే శామీర్‌పేట చెరువు కట్ట కింద ఏ పాత ఇంటి తలుపైనా కొట్టి అడగండి. అతని నాయిన చాటింపు వేసేవాడు, తాత వేసేవాడు. తప్పిపోయిన బర్రె దగ్గర్నుంచి బోనాల తేదీ దాకా, పుట్టుక తప్ప ఊళ్లో ఏ కబురైనా ఆ ఇంటి డప్పు మీదుగానే పోయేది. చావు కబురైతే మరీను. యాదయ్య చాటితే తప్ప ఎవరూ చచ్చినట్టు లెక్కలేదని జనం పరాచికాలాడేవారు.

అలాంటి మనిషికి అరవయ్యేళ్లు దాటేసరికి వినేవాళ్లు కరువయ్యారు. పొలాలు ప్లాట్లయ్యాయి. అమ్ముకున్నవాళ్లు మేడ్చల్‌లో, గుండ్లపోచంపల్లిలో ఇళ్లు కట్టుకుని వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు తలుపులు బిగించి చల్లటి గదుల్లో కూర్చున్నారు. నాలుగు గల్లీలు తిరిగి గొంతు చించుకున్నా ప్రహరీ గోడలే విన్నాయి. చివరికి ఊరి కుర్రాళ్లు 'మన ఊరి కబురు' అని వాట్సాప్ గ్రూపు పెట్టి, అందులో మూడు వందల పన్నెండు మందిని చేర్చి, చాటింపు నీదే పెద్దాయనా అన్నారు.

నేర్పింది కోడలు వినోద. గుండ్లపోచంపల్లి గోదాములో ప్యాకింగ్ పని చేస్తుంది, ఫోను ఆమె చేతిలో పప్పుగుత్తిలా తిరుగుతుంది.

"మామా, గీ మైకు బొమ్మ ఒత్తిపట్టి మాట్లాడుండ్రి. ఏలు ఇడిస్తే పోతది."

"ఏడికి పోతదే?"

"అందరి దగ్గరికి. ఒక గీత పడితే మన కాడికెల్లి పోయినట్టు, రెండు పడితే అందినట్టు. దాన్ని ఒత్తి సూస్తే ఎవ్వలెవ్వలు ఇన్నరో పేర్లు గూడ వస్తయి."

యాదయ్యకి ఆ పేర్ల సంగతి బ్రహ్మాండంగా నచ్చింది. నలభయ్యేళ్లు డప్పు కొట్టాడు గానీ ఎవడు విన్నాడో, ఎవడు విననట్టు నటించాడో ఏనాడైనా తెలిసిందా? ఇప్పుడు హోటల్లో చాయ్ ముందు పెట్టుకుని, విన్నవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదువుకుని మురిసిపోయేవాడు. ఆ మురిపెం మూణ్ణెల్లు కూడా నిలవలేదు.

చైత్రమాసంలో ఒక ఉదయం చేపల సుక్కమ్మ కట్ట మీద పడిపోయింది. ముప్పయ్యేళ్లుగా శామీర్‌పేట చేపల్ని తట్టలో పెట్టుకుని మేడ్చల్ మార్కెట్టుకు మోసిన మనిషి. యాదయ్యకి వరసకి అక్క కాదు, కులానికి అక్క కాదు, అయినా అక్కే. మూడు రోజులు ఆస్పత్రిలో ఉంచి, ఇక లాభం లేదు, ఇంటికి తీసుకుపోండన్నారు. అంబులెన్సు వాకిట్లో ఆగింది. కొడుకు దేవేందర్ లోపల్నుంచి దిగి, నెత్తి పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు.

"అయిపోయింది, యాది మామా" అన్నాడు.

యాదయ్య వెనకా ముందూ ఆలోచించలేదు. గోడ పక్కకి వెళ్లి బొమ్మ ఒత్తాడు.

"పెద్దలు, సిన్నలు, అందరు ఇనుండ్రి. మన చేపల సుక్కమ్మ ఇయ్యాల పొద్దుగాల కాలం జేసింది. ఎవ్వలింట్ల చట్టి ఖాళీగుంటే సూడలేని తల్లి. పైసలు లేనోనికి గూడ తట్టల చెయ్యి పెట్టి ఇచ్చింది గని, మొఖం తిప్పుకోలే. నా ఆకలి సూసిన తల్లి. మధ్యాహ్నం రెండు గంటలకు ఎత్తుతరు. అందరు రాండ్రి." చివర్లో ఒక ఏడుపు కూడా అందులో పడింది. చాటింపులో ఏడవడం అతని జన్మలో అదే మొదటిసారి.

లోపల ఆడవాళ్లు ఆమె నోట్లో తులసి నీళ్లు పోశారు. సుక్కమ్మ దగ్గింది. ఇద్దరు కెవ్వుమని బయటికి పరుగెత్తారు. సుక్కమ్మ కళ్లు తెరిచి, "గింత మంది ఎందుకొచ్చిండ్రు?" అని అడిగింది.

యాదయ్య ఫోన్ తీశాడు. తను పంపిన మాటని వేలితో ఒత్తి పట్టాడు. ఫోన్ రెండు దారులు చూపించింది. అందరి కోసం తొలగించాలా, నా కోసం తొలగించాలా? చాటింపువాడి బుర్ర చాటింపువాడిలాగే ఆలోచించింది. అన్నది నేను, తప్పు నాది, మింగాల్సింది నేను. అందుకని 'నా కోసం' నొక్కాడు. మాట ఫోన్లోంచి మాయమైంది. ఎవడో గ్రూపులో బతికే ఉందని రాశాడు కూడా. గండం గడిచిందని యాదయ్య ఇంటికి పోయి డప్పుకి దణ్ణం పెట్టుకున్నాడు.

నాలుగో రోజు మేడ్చల్ బస్సులో వెనక సీటులోంచి తన గొంతే వినబడింది. "చేపల సుక్కమ్మ ఇయ్యాల పొద్దుగాల కాలం జేసింది." తిరిగి చూస్తే ఎవరో ముక్కూ మొహం తెలియని ఆడమనిషి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని చుక్ చుక్ అంటోంది. తన గొంతు, తన ఏడుపు, తనకి తెలియని మనిషి చేతిలో! యాదయ్య మేడ్చల్ దాకా పోకుండానే మధ్యలో దిగి ఇంటికి తిరిగొచ్చాడు.

వినోద విని తల కొట్టుకుంది. "మామా, మీరు మీ ఫోన్ల నుంచే తీసిండ్రు. అందరి దగ్గర అట్లనే ఉన్నది."

"అయితే ఇప్పుడు తియ్యి, బిడ్డా."

"రెండు రోజులు దాటినయి, ఇగ రాదు. మీ దగ్గర్నే లేకపాయె, ఎవ్వలిన్నరో పేర్లు గూడ కనబడయి. అయినా గ్రూపుల తీస్తే ఏమైతది? ఆల్లు కులపోళ్ల గ్రూపుకు పంపిండ్రు, ఆల్లింకోల్లకు పంపిండ్రు. గీ రెండు బాణాలు సూసిండ్రా? చానా చేతులు మారిందని గుర్తు. గది ఎవ్వలు ఆపలేరు."

అక్కడ్నుంచి మొదలైంది సుక్కమ్మ నరకం. కాస్త కోలుకుని తట్టెత్తుకుని మార్కెట్టుకు పోతే, పాత గిరాకీ ఆమెని చూసి సంచీ వదిలేసి వెనక్కి నడిచింది. పిల్లలు గుమ్మంలోంచి తొంగి చూసి పారిపోయారు. ఎవడో పనిలేనివాడు ఆమె బొమ్మకి మల్లెదండ వేసి, దీపం పెట్టి స్టేటస్‌లో పెట్టాడు. స్టేటస్ ఒక్కరోజులో దానంతటదే పోయింది గానీ, గొంతు పోలేదు. కీసర నుంచి దూరపు చుట్టం ఒకామె రొమ్ము బాదుకుంటూ వాకిట్లోకొస్తే, ఎవరొచ్చారోనని బయటికొచ్చింది సుక్కమ్మే. చుట్టం అక్కడే మూర్ఛపోయింది. ఆ సాయంత్రం సుక్కమ్మ చాప పరుచుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. మర్నాడు కూడా లేవలేదు.

దేవేందర్ యాదయ్య ఇంటిమీదికొచ్చాడు.

"అన్నం ముడ్తలేదు. బతిమిలాడితే రెండు గుక్కల నీళ్లు తాగుతాంది, గంతే. నేను సచ్చిన్నా, ఉన్ననా రా అని అడుగుతాంది. గిట్లనే ఉంటే నాలుగు రోజులల్ల నీ మాట నిజమే అయితది. నువ్వే అన్నవు, నువ్వే తియ్యి!"

యాదయ్య డప్పు వైపు చూశాడు. అన్నది తనే, తియ్యాల్సిందీ తనే.

అతని నాయిన కూడా ఒక్కసారి తప్పు చాటాడు. సికింద్రాబాద్ పోయి రాని ఒకణ్ని చచ్చాడని చాటితే, వాడు పదో రోజున కొత్త చొక్కాతో దిగాడు. అప్పుడు నాయిన తిరుగు చాటింపు వేశాడు. ఆఖరి గల్లీలో మొదలుపెట్టి మొదటి గల్లీ దాకా వెనక్కి నడుస్తూ, డప్పుని బోర్లా పట్టుకుని చెక్క అంచు మీద కొడుతూ, "నేనన్న మాట నాకే రావాలె" అని ప్రతి గడపలోనూ చెప్పాడు. అలా చేయకపోతే చాటిన చావు ఎవర్నో ఒకర్ని పట్టుకుంటుందని నాయిన నమ్మకం. చిన్నప్పుడు అది విని యాదయ్య నవ్వుకున్నాడు. ఇప్పుడు నవ్వు రాలేదు, భయమేసింది.

మర్నాడే డప్పు భుజానేసుకుని బయల్దేరాడు. గ్రూపులో ఉన్నవాళ్ల ఇళ్లెక్కడో వినోద రాసిచ్చింది. ఊరు చుట్టాడు, మేడ్చల్ డిపో వెనక సందులు చుట్టాడు. గుండ్లపోచంపల్లి అపార్టుమెంటు దగ్గర వాచ్‌మన్ ఆపితే, గేటు బయటే నిలబడి అంచు మీద కొట్టాడు. "సుక్కమ్మ బతికే ఉన్నది, నేనన్న మాట నాకే రావాలె." పై అంతస్తుల్లోంచి కొందరు ఫోన్లు పట్టుకుని వీడియో తీశారు. ఆరో అంతస్తువాడు ఒకడు, "ఇగో, గిదేనా?" అని పాత గొంతే పెట్టి వినిపించాడు. బతికుందన్న మాట గేటు దాటలేదు, చచ్చిందన్న మాట మాత్రం ఆరో అంతస్తులో వినబడింది.

కీసరలో ఇంకా దారుణం. అక్కడ వాళ్లెవరూ ఆ గ్రూపులో లేరు, అయినా అందరూ విన్నారు. ఎక్కడ్నుంచి వచ్చిందయ్యా అంటే, మా బావమరిది పంపాడు, మా చీటీ గ్రూపులో వచ్చింది అన్నారు. ఆ బావమరిది ఇంకెక్కడో ఉంటాడు. యాదయ్య గుడి మెట్ల కింద కూర్చుండిపోయాడు. తిరుగు చాటింపు ఆఖరి గల్లీలో మొదలుపెట్టాలి. దీనికి ఆఖరి గల్లీ ఎక్కడ? అది తెలియకుండానే పదకొండు రోజులు తిరిగాడు, కాళ్లు బొబ్బలెక్కాయి.

ఈలోగా అతనికి తన గొంతంటేనే దడ పట్టుకుంది. ఆటోలోంచి, వంటింట్లోంచి, కిరాణా కొట్టులోంచి అదే వినబడేది. ఏ ఫోనూ లేని చోట కూడా వినబడేది. చెరువు గట్టున ఒక్కడే నడుస్తుంటే కూడా పక్కనే ఎవరో గొంతు సవరించుకున్నట్టు ఉండేది. ఇంట్లో గుసగుసగా మాట్లాడటం మొదలుపెట్టాడు. "ఏంది మామా, నీళ్లు గూడ అట్ల దొంగలెక్క అడుగుతున్నరు?" అని వినోద వేళాకోళం చేసింది గానీ, ఆయన మొహం చూసి మళ్లీ అనలేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం సుక్కమ్మ ఇంటికి వెళ్లాడు. ఓడిపోయానని చెప్పేయడానికే వెళ్లాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. లోపల మళ్లీ తన గొంతు. గోడ వైపు తిరిగి పడుకున్న సుక్కమ్మ, కొడుకు కొనిచ్చిన ఫోన్ చెంప కింద పెట్టుకుని వింటోంది. అయిపోయాక మళ్లీ మొదట్నుంచి పెట్టింది.

"అక్కా! గది ఎందుకింటున్నవ్? నీ కాళ్లు మొక్కుత, బంద్ జెయ్యి!"

సుక్కమ్మ మెల్లగా ఇటు తిరిగింది. చిక్కి సగమైంది.

"తమ్మీ, ఏడ్సినవా నువ్వు? గీ ఆఖర్ల?"

యాదయ్య అవునన్నట్టు తలూపాడు.

"ముప్పయ్యేండ్లు తట్ట మోసిన. కంపు కొడ్తాందని బస్సుల పక్కన కూసోనియ్యలే. ఒక్కడన్న గిట్లన్నడా? నా కొడుకన్నడా? మొదాలు ఇని దడుచుకున్న. మల్ల ఇన్న. ఇనంగ ఇనంగ, గీమె ఎవ్వతో మంచిదే ఉన్నది, గీమెను సంపుకునుడెందుకు అనిపిచ్చింది."

యాదయ్య చాప మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పదకొండు రోజుల భయమంతా బయటికొచ్చింది. సుక్కమ్మ అతని వీపు నిమిరి, "ఏడ్సింది సాలు గని, గా కుండల గంజి ఉన్నది, ఇంత పొయ్యి" అంది. తాగింది. తాగాక అంది, "గీ మాట తియ్యకు తమ్మీ. నేను పొయిన్నాడు కొత్తది సెప్పకు, గిదే పంపు."

"నా తోని కాదక్కా. సచ్చినా పంప."

"నువ్వు పంపకుంటే నేనే పంపుకుంట పో" అని నవ్వింది.

మాట వెనక్కి రాలేదు గానీ మనిషి వెనక్కొచ్చింది. ఈసారి సుక్కమ్మ మార్కెట్టుకు పోలేదు. వినోద దగ్గర ఫోను పని నేర్చుకుని, పొద్దున ఆరింటికల్లా ఆ రోజు పడిన రవ్వ, బొచ్చె చేపలు తట్టలో పరిచి బొమ్మ తీసి గ్రూపులో పెట్టేది. చచ్చిందనుకున్న మనిషి దగ్గర్నుంచి చేపలు తెప్పించుకోవడం జనానికి మొదట్లో వింతగా ఉండేది, తర్వాత అలవాటైంది. యాదయ్య గొంతు మళ్లీ కొంచెం కొంచెంగా పైకి లేచింది. పొద్దున్నే ఆ చేపల బొమ్మ చూస్తే తప్ప ఆయన చాయ్ ముట్టేవాడు కాదు. అది రావడమంటే, ఇవాళ్టికి ఆ మాట అబద్ధమనే కదా!

కార్తీకమాసంలో ఒక పొద్దున, ఆరు దాటి పది నిమిషాలైనా చేపల బొమ్మ రాలేదు. హోటల్లో ఫోన్ ముందు పెట్టుకుని చూస్తున్నాడు. ఆరుంపావుకి మోగింది. పైన సుక్కమ్మక్క పేరు. కింద ఆమె గొంతు పంపినట్టు గీత. నొక్కాడు.

"పెద్దలు, సిన్నలు, అందరు ఇనుండ్రి. మన చేపల సుక్కమ్మ ఇయ్యాల పొద్దుగాల కాలం జేసింది... మధ్యాహ్నం రెండు గంటలకు ఎత్తుతరు..."

తన గొంతే! చాయ్ ఒలికిపోయింది. చెప్పుల్లేకుండా పరుగెత్తాడు. వాకిట్లో దేవేందర్ వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నాడు.

"ఏంది మామా, గట్ల ఉరుకొస్తున్నవ్? అమ్మ ఇంక లేవలే."

చాప మీద సుక్కమ్మ గోడ వైపు తిరిగి లేదు, గుమ్మం వైపు తిరిగి ఉంది. ఫోన్ అరచేతిలోనే ఉంది, ఇంకా వెలుగుతోంది. చెయ్యి ముట్టుకుంటే కొద్దిగా వెచ్చగానే ఉంది. జన్మలో మొదటిసారి ఒక చావు కబురు యాదయ్యకి వేరొకరు చాటగా తెలిసింది.

పది గంటలకి ఇల్లు నిండింది. వినోద కళ్లు తుడుచుకుంటూ వచ్చి, "మామా, చాటరా?" అంది.

"అక్క చాటుకున్నది గద, బిడ్డా" అన్నాడు. గొంతు గుసగుసలా లేదు, మునుపటిలాగే ఉంది. గోడకి ఆనించిన డప్పు తీసి, తాటాకు మంట మీద కాచడం మొదలుపెట్టాడు.

దేవేందర్ దగ్గరికొచ్చాడు. "మామా, దూరపోళ్లు రావాలె. నాలుగింటికి ఎత్తుదమా?"

యాదయ్య తల ఎత్తకుండానే డప్పు మీద ఒక దెబ్బ వేసి చూశాడు. మోత వీధి చివరి దాకా పోయింది.

"కాదు. అక్క రెండు గంటలకని చెప్పింది."