గడపకు అడ్డంగా చాప

కింద గేటు దగ్గర క్యాబు హారన్ మోగితే ఇప్పటికీ నా మోకాళ్లకు చాప గుచ్చుకున్నట్టే ఉంటుంది.

నా చిన్నతనంలో హఫీజ్‌పేట్‌లో మాది ఒక్క గది కిరాయి ఇల్లు. హైటెక్ సిటీలో రాత్రి డ్యూటీ నౌకరి దొరికాక అన్న చర్చి మానేశాడు. “నాకు నమ్మకం లేదు నాయనా” అని ముఖం మీదే చెప్పాడు. ఆ మర్నాటి నుంచి నాయన సాయంత్రం ప్రార్థన చాపను గడపకు అడ్డంగా పరిచేవాడు. మోకరించినవాళ్లను దాటిపోవడం మా ఇంట్లో పెద్ద తప్పు.

ఒకరోజు ప్రార్థన ఎంతకూ తెమలలేదు. బయట ఆఫీసు బండి హారన్ కొట్టింది. అన్న బూట్లు చేత పట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

“నాయనా, బండి పోతది. ఇంకోసారి లేటైతే తీసేస్తరు.”

నాయన కళ్లు తెరవలేదు. “ప్రభువా, వీని గుండె మెత్తగ చెయ్యి” అంటూ మళ్లీ మొదటికొచ్చాడు. అమ్మ వెక్కుతోంది. నాయన ముగించడం మరిచిపోయాడేమోనని నాకు ఒకటే భయం. హారన్ మళ్లీ మోగింది.

“ఆమెన్” అన్నాడు అన్న, గట్టిగా.

అమ్మ గబగబా చాప చుట్టి నాయన వైపు తిరిగింది. “విన్నవా అయ్యా? నా కొడుకు మళ్లొచ్చిండు.”

నేనూ అదే నమ్మి చప్పట్లు కొట్టాను. అన్న అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

ఆ ఆమెన్ బండి అందుకోవడానికేనని తర్వాత తెలిసింది. అన్న ఇప్పటికీ చర్చికి రాడు. నాయన పోయాక ప్రార్థన అమ్మ మంచం పక్కన నేనే చేస్తున్నాను, చాప గడపకు దూరంగా వేసి. అన్న వస్తే మోకరించడు, తలుపు దగ్గరే నిలబడతాడు. పోదామంటే దారి ఖాళీగానే ఉంటుంది. నేను ఆమెన్ అనేదాకా కదలడు.