రెండు పనస చెట్ల ఇల్లు

దిష్టికీ జాతకానికీ నేను ఏనాడూ భయపడలేదు. భయపడింది మర్యాదకి. ఆ భయం మా అక్క కొడుకు కట్టిన పాటతో మొదలైంది.

వాడు చర్చిలో గిటారు నేర్చుకుని, చర్చి మానేసి, అమలాపురంలో స్నేహితులతో బ్యాండు పెట్టాడు. గిటారుకి డప్పు జోడించి పాడతారు. ఒక సాయంత్రం మా అరుగు మీద కొత్త పాట వినిపించాడు. పంటు మీద గోదావరి పాయ దాటి కాలేజీకి వచ్చే అమ్మాయి. లాకులు దాటాక కాలవ గట్టున ఆమె ఇల్లు. గేటుకి అటొకటి ఇటొకటి పనస చెట్లు.

ఆ అమ్మాయిని ఎరుగుదును. ఎం.ఎస్సీ. చదువుతోంది. ఇద్దరూ పెళ్లి చేసుకోవాలనుకుంటున్నారు. ఆమె తాతల చేలల్లో మా తాతలు కూలి చేశారు. వాళ్లిద్దరూ అది పట్టించుకోలేదు. పట్టించుకునేవాళ్లు ఊరంతా ఉన్నారు.

"ఆ పనస చెట్లు తీసెయ్యరా," అన్నాను.

"అదే కదా మామయ్యా పాటకి ప్రాణం! పేరెక్కడా పెట్టలేదుగా."

"మన దగ్గర పేరుతో ఇల్లు వెతికేవాడెవడ్రా? పోస్టుమేన్ కూడా చెట్టు గుర్తే అడుగుతాడు."

"బళ్లోనూ సభల్లోనూ చెప్పింది చాలక నీకు ప్రతిదీ ఉపన్యాసమే," అని నవ్వి మళ్లీ మొదటి నుంచీ అందుకున్నాడు.

మా సీమలో ఏ ఊరండీ అంటే చాలు. ఏ లాకు, ఏ గట్టు, గుమ్మంలో ఏ చెట్టు, అన్నీ చెప్పేస్తారు. అడిగినవాళ్లు అంతా విని, చివర్లో "తమరు ఎవరి తాలూకండీ?" అంటారు. కులం అడగడానికి ఇంత మెత్తటి మాట ఇంకెక్కడా లేదు. కత్తికి పట్టుగుడ్డ చుట్టినట్టుంటుంది. వాడు ప్రేమపాట అనుకుని కట్టాడు గానీ, లోకానికి దారి చెప్పాడు.

పాట ఫోన్లకెక్కింది. ఆటోల్లో మోగింది. ఆ అమ్మాయి పంటెక్కగానే కుర్రాళ్లు బల్ల మీద ఆ దరువే వాయించేవారట. "ఇంట్లో ఎవరూ ఏమీ అనడం లేదు, అదే భయంగా ఉంది," అని వాడికి ఫోన్లో చెప్పింది.

ఒక ఆదివారం ఆ అమ్మాయి నాన్నగారు మా ఇంటికొచ్చేరు. కారులోంచి కొబ్బరిబొండాల గెల దింపించి అరుగు మీద కూర్చున్నారు.

"మీ మేనల్లుడు బాగా పాడతాడంటండీ, మేష్టారూ."

"ఇద్దరూ మేజర్లండి. ఇష్టపడ్డారు. కూర్చుని మాట్లాడుకుందాం."

"ఆయ్. ఇవన్నీ మీరు సభల్లో చెబుతుంటే నేనూ చప్పట్లు కొట్టేనండి." చిరునవ్వు చెదరలేదు. "ఆ పనస చెట్లు మా తాతగారు వేసినవండి."

మర్నాటి నుంచి అమ్మాయి పంటెక్కలేదు. ఫోను పలకలేదు. వాడు వెళ్తానంటే ఆపి, బండిని పంటెక్కించి నేనే వెళ్లాను. లాకులు దాటాక ఇల్లు పోల్చుకోలేక ముందుకెళ్లిపోయి వెనక్కి తిరిగాను. గేటుకి అటూ ఇటూ రెండు మొదళ్లు. పాలు ఇంకా కారుతున్నాయి.

"రండి మేష్టారూ, కాఫీ తాగుదురుగాని," అని ఆయన ఎదురొచ్చేరు.

"అమ్మాయి ఏదండీ?"

"చుట్టాలింటికెళ్లిందండి."

"ఏ ఊరండీ?"

ఈ ప్రశ్నకి జవాబు చెప్పని మనిషిని మా సీమలో అంతవరకూ చూడలేదు. ఆయన లోపలికి తిరిగి, "మేష్టారికి పంచదార తగ్గించి తీసుకురా," అన్నారు.

కాఫీ వచ్చేలోగా గేటు దాటేశాను. తిన్నగా పోలీసు స్టేషనుకి వెళ్లి, అమ్మాయి ప్రాణానికి ముప్పుందని చెప్పాను. అక్కడి హెడ్ కానిస్టేబుల్‌గారు ఓపిగ్గా విని, కుర్చీ చూపించి, ఎంతో మర్యాదగా అడిగేరు.

"తమరు ఎవరి తాలూకండీ?"