మేనమామ గళ్ల కోటు

మా మేనమామ పోయారని కిందటి నెల అత్త ఫోన్ చేసి చెప్పింది. నేను అప్పుడు సైబర్‌జయలో, ఆఫీసు మెట్ల మీద ఉన్నాను. "మీ మావ కాపీ తాగతా తాగతానే ఎల్లిపోనాడమ్మా. గళాసు మాత్రం ఒలక్కుండా పక్కనెట్టే ఎల్లినాడు" అంది. ఏడుపు మధ్యలో ఆ మాటకి ఇద్దరికీ కొంచెం నవ్వొచ్చింది. ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ అలాగే అవుతోంది.

మీలో కొందరు ఆయన్ని చూసే ఉంటారు. స్కాట్లాండ్ వాళ్లు కట్టుకునే గళ్ల కిల్టు కట్టి, వీపున బ్యాగ్‌పైపు సంచీ తగిలించుకుని, బటాంగ్ బెర్జుంటై దారిలో మోటారుసైకిల్ మీద పోయే మనిషి ఇంకొకరు లేరు. వయసులో ఉండగా ఒక బ్యాండులో చేరి ఊదడం నేర్చుకున్నారు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక మా కాన్వెంట్ బడిలో ఆడపిల్లల బ్యాండుకి నేర్పేవారు. దారిలో లుంగీ కట్టినవాళ్లెవరైనా "ఏటి మావా, అత్త లంగా కట్టినావా?" అని ఎగతాళి చేస్తే బండి ఆపి మరీ జవాబు చెప్పేవారు: "నీ కైలీకి గళ్లు లేవేటి? నాది ఉన్నిది, అంతే లా." మలాయ్ వాళ్లలాగే మాట చివర "లా" తగిలించడం ఆయనకి అలవాటు.

నేను బ్యాండులో లేను. పదిమంది చూస్తున్నారంటే తలెత్తలేను. లైబ్రరీ కిటికీ దగ్గర కూర్చుని వాళ్ల సాధన వినేదాన్ని. ఆయన బుగ్గన లవంగం పెట్టుకుని, పాత కైలీ ముక్కతో గొట్టాలు తుడుస్తూ ఉండేవారు. అక్కడ పిల్లలకి మలాయ్‌లో చెప్పే మాటే ఇంట్లో మాకూ చెప్పేవారు. "తప్పొచ్చిందని ఆగిపోకండి. నడిసిపోండి. ఆగినోళ్లనే జనం సూత్తారు." సాధన అయ్యాక కిటికీ దగ్గరికొచ్చి, నా చేతిలోని పుస్తకం అటూ ఇటూ తిప్పి, "ఇందులో ఎవులైనా నవ్వుతారా?" అని అడిగేవారు. నవ్వరని చెబితే, "మరెందుకే" అని వెళ్లిపోయేవారు.

నా పెళ్లి కుదిరినప్పుడు రిజిస్ట్రేషన్ చేసుకుని, నలుగురితో భోజనం చేస్తే చాలన్నాను. నాకోసం బయటికి తీసిన తన పెళ్లిచీరని అమ్మ మడతపెట్టి లోపల పెట్టేసింది. మన పెళ్లిళ్లలో మేనమామ పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తెస్తాడు కదా. ఆ కాసేపూ హాల్లో ఉన్న కళ్లన్నీ బుట్ట మీదే ఉంటాయి. నా భయమంతా దానికే. ఆ సంగతి మావయ్యకి ఒక్కరికే చెప్పాను. ఆయన లవంగాన్ని అటు బుగ్గ నుంచి ఇటు మార్చుకుని, "నువ్వు బుట్టలో కూకో. జనం సంగతి నాకొగ్గేయ్" అన్నారు. ఎలాగో చెప్పలేదు. సరేనన్నాను. చీర మళ్లీ బయటికొచ్చింది.

కిల్టుతోనే వస్తానని ఆయన పట్టు. బ్యాండు నల్లకోటుకి బొత్తాలు పట్టడం లేదు. పట్టినా, పెళ్లికి నలుపేటని అత్త ఒప్పుకోలేదు. అందుకని ఒక ఆదివారం ముగ్గురం క్లాంగ్‌లో ఒక బండిల్ షాపుకి వెళ్లాం. బయటి దేశాల పాతబట్టలు మూటలుగా తెప్పించి అమ్మే షాపు అది. ఒక గోడ నిండా చలిదేశాల ట్వీడ్ కోట్లే. చూస్తేనే చెమట పట్టింది.

కిల్టు ఆకుపచ్చ, నీలం గళ్లది, మధ్యలో సన్నటి పసుపు గీత. అత్త దాన్ని సంచీలోంచి తీసి, చీరకి జాకెట్టు గుడ్డ వెతికినట్టు, గుమ్మం వెలుగులో ఒక్కో కోటు పక్కనా పెట్టి చూసింది. చివరికి చేపముల్లులాంటి నేతతో బూడిదరంగు కోటు ఒకటి దొరికింది. దగ్గరగా చూస్తే అందులోనూ ఆకుపచ్చ పోగులున్నాయి. "ఇది కిల్టుని మాటాడనిత్తాది" అంది. నాకూ అదే నచ్చింది.

మావయ్య తొడుక్కుని అద్దంలో చూసుకున్నారు. "బాగుంది. ఎవులూ సూడరు" అని విప్పేశారు.

తర్వాత తీసింది గోధుమరంగుది. అరచెయ్యంత గళ్లు, వాటి మీద ఇటుకరంగు గీతలు, నారింజ గీతలు. కిల్టు పక్కన పెడితే రెండూ పోట్లాడుకున్నాయి.

"ఏటిది, సర్కస్‌కా?" అంది అత్త.

"పెళ్లికే."

"దాని అత్తింటోళ్లు ఏటనుకుంటారు?"

"ఆళ్లూ సూత్తారు లా. మంచిదే."

మూలన బట్టలు వేసే పెద్ద ప్లాస్టిక్ బుట్ట ఉంది. ఆయన ఆ కోటు తొడుక్కుని, "కూకోవే. సేతులాడతాయో లేదో సూడాల" అన్నారు నాతో. అంతమందిలో ఎలా కూర్చున్నానో తెలియదు, కళ్లు మాత్రం గట్టిగా మూసుకున్నాను. షాపాయన నవ్వుతూ అటువైపు పట్టుకున్నాడు. ఇద్దరూ నన్ను లేపి కోట్ల వరస చివరిదాకా తీసుకెళ్లి దింపారు. "బొలే, పక్‌చిక్" అన్నాడు షాపాయన. అవుతుంది బాబాయ్, అని. అత్త ముఖం తిప్పుకుంది. ఆ కోటే కొన్నారు.

పెళ్లిరోజు మావయ్య ఆ కోటులో చెమటలు కక్కుతూ పైపు ఊది పెళ్లికొడుకుని లోపలికి తెచ్చారు. తర్వాత పైపు అత్త చేతికిచ్చి, ఆయన ఒకవైపు, మా అన్నయ్య ఒకవైపు బుట్ట లేపారు. పర్రుమంది. కోటు చంక కింద కుట్టు విడిపోయి లోపలి తెల్లగుడ్డ బయటికొచ్చింది. అన్నయ్య ఆగబోయాడు.

"నడిసిపో" అన్నారు మావయ్య.

అప్పుడు తలెత్తి చూశాను. హాలంతా నవ్వు. ఎర్ర మేజోళ్లు, గళ్ల కిల్టు, గళ్ల కోటు, ఆ కోటు చంకలో తెల్లజెండా. ఒక్క చూపు కూడా నా మీద లేదు. ఫోన్లన్నీ ఆయన వైపే తిరిగి ఉన్నాయి. బూడిదరంగు కోటు ఎందుకు విప్పేశారో అప్పటికి తెలిసింది. నా పెళ్లిలో నేను కళ్లు తెరుచుకుని, వచ్చినవాళ్లందరినీ తీరిగ్గా చూసుకుంటూ మండపానికి వెళ్లాను.

దింపుతూ నా చెవి దగ్గరికి వంగారు. "ఎవులైనా సూసినారేటే నిన్ను?"

"లేదు మావయ్యా."

"మరదే."

పోయిన వారం అత్తని చూడడానికి వెళ్లాను. కోటు వాకిట్లో తీగ మీద, ఆయన కైలీల పక్కన ఆరేసి ఉంది. చంక కింద కుట్టు అలాగే ఉంది. కుట్టనా అని అడిగితే, "ఒగ్గేయ్. గాలాడతాది" అంది. గాలికి ఆ తెల్లగుడ్డ తెరుచుకుంటూ, మూసుకుంటూ ఉంది. దారిన పోయే మోటారుసైకిళ్లు అక్కడికి రాగానే నెమ్మదించి, కోటు వైపు చూసి, వెళ్తున్నాయి. నేను దాని పక్కనే చాలాసేపు నిలబడ్డాను.